పట్టని టీకా

"ముందు తాగు, తర్వాత మాట్లాడు," అంది తెక్బెర్, కొయ్య గిన్నె కూతురి చేతిలో పెడుతూ.

"రాత్రి తిన్నదే ఇంకా అరగలేదమ్మా."

"పాలకి కడుపులో వేరే చోటుంటుంది లే. తాగు."

సల్కా నవ్వుతూ గిన్నె ఎత్తింది. పులిసిన పాలల్లో నీళ్లూ చక్కెరా పోసి చిలికిన జ్రీగ్, పైన వేలెడు నురగ. ప్రతి ఉదయం ఆ ఇంట్లో ఇదే తంతు. పెళ్లి కుదిరిన రోజుల్లో తల్లీకూతుళ్ల మధ్య పెద్ద యుద్ధమే జరిగింది. ఒళ్లు రావడానికి మాత్రలు మింగమని తల్లి, చచ్చినా మింగనని కూతురు. నర్సు చదువు చదివిన పిల్ల కనక ఆ మాత్రలు ఏమిటో, ఏం చేస్తాయో తనకు తెలుసు. చివరికి సంధి కుదిరింది. మాత్రలు వద్దు, పాలు చాలు. కానీ ఆ పాలు రోజూ అమ్మే కలిపి ఇస్తుంది, గిన్నె అడుగు కనిపించేదాకా తాగాలి. సల్కా ఒప్పుకుంది. గెలిచింది తానేనని అనుకుంది కూడా.

మా ఎడారి రాజధాని నౌక్‌చోట్‌లో పెళ్లికూతురు సన్నగా ఉంటే పుట్టింట్లో పొయ్యి వెలగడం లేదని లెక్క. ఎవరూ పైకి అనరు, అందరూ అనుకుంటారు. ఈ లెక్క ఎవరు మొదలుపెట్టారో గానీ, వాళ్లు మాత్రం ఆ పాలు ఒక్క పూట కూడా తాగి ఉండరు.

"ముఖం నిండిందే," అంది గోడవార చాప మీద జపమాల తిప్పుకుంటున్న అమ్మమ్మ దైదా. "చంద్రుడే అనుకో."

"చంద్రుడికి మెట్లెక్కితే ఆయాసం రాదు అమ్మమ్మా," అంది సల్కా, ఖాళీ గిన్నె కింద పెట్టి ఒంటికి చుట్టుకున్న మెలహఫా కొంగు తల మీదికి లాక్కుంటూ. "వెళ్తున్నాను. ఇవాళ రక్త పరీక్ష ఫలితం చెబుతారు. దువా చెయ్యండి."

తెక్బెర్ నవ్వు కాస్త తగ్గింది. ఆ పరీక్ష దేని గురించో ఆమెకు తెలుసు. ఆస్పత్రిలో కాలేయ వార్డులో పనిచేయాలంటే, కామెర్ల టీకా వేయించుకోవడమే కాదు, అది పట్టిందని రక్తంలో కనిపించాలి. సల్కాకి మొదటిసారి వేసిన సూదులు పట్టలేదు. మళ్లీ మొదటినుంచి వేశారు. ఈసారి కూడా పట్టకపోతే ఆ చోటు ఇంకొకరికి వెళుతుంది. ఆ వార్డు కోసమే సల్కా నర్సయింది. తెక్బెర్ తమ్ముడు దాహీ, సల్కాకి మావయ్య, ఏ టీకా లేక, ఆ కామెర్లతోనే కళ్లు పచ్చబడి పొట్ట ఉబ్బి ఈ ఇంట్లోనే పోయాడు. చివరి రోజుల్లో అతనికి చెంచాతో నీళ్లు పోసింది తెక్బెరే. పక్కన కూర్చుని చూసింది సల్కా.

"పట్టి ఉంటుంది లే," అంది తెక్బెర్, గిన్నె తీసుకుని లోపలికి వెళుతూ.

* * *

"పట్టలేదు," అంది డాక్టర్ కుంబా.

సల్కా కుర్చీ అంచున కూర్చుండిపోయింది. "మళ్లీనా?"

"మళ్లీనే. కొందరికి ఎన్నిసార్లు వేసినా పట్టదు. నువ్వూ ఆ బాపతేనని ఈ సంగతి ఇక్కడితో వదిలెయ్యొచ్చు. కానీ నీ ముఖం నన్ను వదలనివ్వడం లేదు."

"పెళ్లి కుదిరింది కదా డాక్టరమ్మా. పెళ్లి కళ."

"ఆ కళ చేతుల్లోకి ఎందుకు రాలేదు? ముఖం పళ్లెంలా, చేతులు పుల్లల్లా. మోచేతి దగ్గర ఆ కమిలిన మచ్చ ఏమిటి?"

"తలుపు తగిలింది."

"కొంచెం తగిలితేనే కమిలిందా? పొట్ట మీద ఊదారంగు చారలున్నాయా?"

సల్కా కొంగు పొట్ట మీదికి లాక్కుంది. చారలున్నాయి. పాలతో ఒళ్లు వచ్చి చర్మం సాగిందని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇంకొకరి ఒంటి మీదైతే ఇట్టే గుర్తుపట్టేది.

"స్టెరాయిడ్ వాడుతున్నావా? నిజం చెప్పు, తిట్టను."

"లేదు. దేవుడి మీద ఒట్టు, లేదు."

"అనుమానమొచ్చి అదే రక్తంలో ఇంకో పరీక్ష చేయించాను. నీ ఒంట్లో ఒక గ్రంథి తనంతట తాను తయారుచేయాల్సిన స్టెరాయిడ్ దాదాపు అడుగంటింది. బయటినుంచి ఎవరైనా పోస్తుంటేనే ఆ గ్రంథి అలా పని మానేసి కూర్చుంటుంది."

"టీకా దానివల్లే పట్టలేదా?"

"దానివల్లే అని రాసివ్వలేను. కావచ్చు. అంత మోతాదు అన్నాళ్లు ఒంట్లో ఉంటే టీకా బలంగా పట్టకపోవచ్చు. టీకా చేసేదేమిటి? మన ఒంటి కాపలావాళ్లకి దొంగ ముఖం ముందే చూపించి, వీణ్ణి గుర్తుపెట్టుకోండి అంటుంది. కాపలావాళ్లకే మత్తుమందు పెట్టేస్తే ఇక ఏం గుర్తుంటుంది?" డాక్టర్ ముందుకు వంగింది. "ఒక్క మాట బాగా విను. ఎవరి మీద కోపమొచ్చినా సరే, అదేదో ఒక్కసారిగా ఆపకు. నిద్రపోయిన ఆ గ్రంథి లేవడానికి టైము పడుతుంది. హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. కొలత ప్రకారం కొంచెం కొంచెంగా తగ్గించాలి. ముందు ఏం తింటున్నావో, ఏం తాగుతున్నావో చూసుకుని నాకు చెప్పు."

"నేనేమీ..." అని సల్కా ఆగిపోయింది. పొద్దున చేతిలో పెట్టిన గిన్నె గుర్తొచ్చింది. ఆ పాలు తనను ఏ రోజూ కలుపుకోనివ్వలేదు అమ్మ.

* * *

ఇంటికి వచ్చేసరికి ముందు గదిలో నవ్వులు వినిపిస్తున్నాయి. కాబోయే అత్త మైమూనా వచ్చి కూర్చుంది. తెక్బెర్ టీ పోస్తోంది. సల్కా ఆ గదిలోకి వెళ్లకుండా నేరుగా వంటింట్లోకి వెళ్లింది. చక్కెర డబ్బా వెనక చేయి పెట్టగానే చిన్న పొట్లం తగిలింది. లోపల తెల్లటి పొడి, పొడి పక్కన ఇంకా నూరని మాత్రల అట్ట. అట్ట మీది పేరు చదివింది. కోపం కంటే ముందు కన్నీళ్లు వచ్చాయి. వాటిని తుడిచేసుకుని, కోపం వచ్చేదాకా అక్కడే నిలబడింది.

మావాళ్లలో పెళ్లి కుదిరిన పిల్ల కాబోయే అత్త ఎదుట పెదవి విప్పదు. కొంగు ముఖం మీదికి లాక్కుని మూల కూర్చుంటుంది. సల్కా వచ్చి అలాగే కూర్చుంది.

"వదినగారూ, అమ్మాయి ముఖం చూస్తుంటే మా ఇల్లు ఇప్పుడే నిండినట్టుంది," అంటోంది మైమూనా. "వట్టి పాలేనా?"

"పాలేనండీ. మా ఇంటి పాలు."

సల్కా ముఖం మీది కొంగు తీసేసింది. "పాలు ఒక్కటే కాదు అత్తయ్యా."

తెక్బెర్ పోస్తున్న టీ ధార గ్లాసు తప్పి పళ్లెంలో పడింది. "ఏమే, లోపలికెళ్లు."

"వెళ్తాను. ఇదేమిటో చెప్పు, వెళ్తాను." సల్కా పొట్లం విప్పి గ్లాసుల మధ్య పెట్టింది.

"అదా... పుష్టి పొడి. బజార్లో అమ్ముతారు. మూలికలు."

"మూలికలకి అట్టలుండవమ్మా. దీని పేరు నేను పరీక్షలో రాసి పాసయ్యాను. ఎన్నాళ్లనుంచి కలుపుతున్నావు?"

తెక్బెర్ పళ్లెంలో ఒలికిన టీ తుడవసాగింది. మైమూనా మాత్రం పగలబడి నవ్వింది. "ఇంత చిన్న దానికా ఈ గొడవ? మా ఇంట్లో ముగ్గురు కోడళ్లూ ఇదే మింగి వచ్చారు. ఎవరూ పోలేదే."

"పెద్ద కోడలికి చక్కెర జబ్బు ఎప్పుడొచ్చింది అత్తయ్యా?"

"అది దేవుడిచ్చింది."

"దేవుడిచ్చేవాటికి బజార్లో దుకాణం పెట్టరు అత్తయ్యా."

మూల జపమాల ఆగింది. అమ్మమ్మ తలెత్తి చూసింది. తెక్బెర్ ముఖం ఎర్రబడింది. "నోరు మూసుకో. వచ్చిన మనిషి ఎదుట ఇదేనా నీ చదువు?"

"నాకు టీకా పట్టలేదమ్మా. మళ్లీ పట్టలేదు. ఆ చోటు పోయింది."

"టీకాకీ దీనికీ ఏమిటే సంబంధం?"

"నువ్వు పోసింది ఒంటి కాపలాని నిద్రపుచ్చుతుంది. నిద్రలో ఉన్నవాళ్లకి టీకా ఏం నేర్పినా ఎక్కదు."

"డాక్టరమ్మ దీనివల్లే అని చెప్పిందా?"

"చెప్పలేదు. కావచ్చు అంది."

"చూశావా," అంది తెక్బెర్, ఆ ఒక్క మాట దొరికితే చాలన్నట్టు. "కావచ్చు. కాకపోవచ్చు కూడా. దానికి నన్ను దొంగని చేసి నిలబెడతావా?"

"మావయ్య కళ్లు పచ్చబడ్డప్పుడు కూడా నువ్వు ఆ మాటే అన్నావు. ఎండదెబ్బ కావచ్చు అన్నావు."

ఆ మాట అనకూడదు. అన్న మరుక్షణం సల్కాకీ తెలిసింది. తెక్బెర్ టీకుండ కింద పెట్టింది. పెట్టిన చేయి దాని మీదే ఉండిపోయింది.

మైమూనా లేచింది. మా దగ్గర మూడో గ్లాసు టీ తాగకుండా ఎవరూ లేవరు. లేచారంటే తలుపు వాళ్ల మొహాన వేసినట్టో, మన మొహాన వేసినట్టో. "పిల్లకి నోరుందని మాకు ఎవరూ చెప్పలేదు వదినగారూ," అంది చెప్పులు వెతుక్కుంటూ.

"ఇప్పుడు తెలిసింది కదా అత్తయ్యా," అంది సల్కా. తల వంచలేదు. "ఈ ముఖం తగ్గుతుంది. నోరు మాత్రం ఇంతే ఉంటుంది. ఇష్టమైతేనే రండి."

* * *

"పరువు ఇసుకలో కలిపావు," అంది తెక్బెర్, వీధి తలుపు మూసుకున్నాక. "రేపటికి ఊరంతా తెలుస్తుంది. ఏం చేశాను నేను? విషం పెట్టానా? నీ పెళ్లి గురించేగా? నిన్ను చూసి నలుగురూ నోరు నొక్కుకోకూడదనేగా?"

"అడిగి పెట్టాల్సింది."

"అడిగాను. వద్దన్నావు."

"వద్దంటే వద్దని కాదా అమ్మా?"

తెక్బెర్ ఉన్నట్టుండి కింద కూర్చుని కుడి కాలు చాపింది. రెండు వేళ్లు వంకరగా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. "చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగావు ఇవి ఎందుకిలా ఉన్నాయని? చెప్పులు కరిచాయని చెప్పేదాన్ని. కరిచింది చెప్పులు కాదు. పాలు తాగలేక కక్కితే, వేళ్ల అటూ ఇటూ రెండు కర్రలు పెట్టి నొక్కేవారు. ఆ నొప్పికి పాల సంగతి మర్చిపోయి తాగేసేదాన్ని. కక్కిందే మళ్లీ తాగించిన రోజులున్నాయి. నాకప్పుడు పాలపళ్లు కూడా ఊడలేదే."

ఆ కర్రలు పట్టుకున్న చేతులు ఎవరివో చెప్పనక్కర్లేకపోయింది. అమ్మమ్మ చాప వైపు చూస్తూ, "నాకూ నొక్కారు," అంది. ఇంకేమీ అనలేదు.

"నువ్వు పుట్టిన రోజున ఒట్టేసుకున్నాను," అంది తెక్బెర్. "నా కూతురి వేలి మీద కర్ర పడనివ్వనని. నిన్ను ఏడిపించకుండా పెంచాలనుకున్నాను. ఈ పొడి అయితే నొప్పుండదు, ఏడుపుండదు, నీకు తెలియను కూడా తెలియదు..."

"అదే కదమ్మా," అంది సల్కా. ఇప్పుడు కన్నీళ్లు ఆపుకోలేదు. "నీకు కనీసం ఎవరు నొక్కుతున్నారో తెలుసు. నేను ప్రతి పొద్దునా నవ్వుకుంటూ తాగాను."

తెక్బెర్ కూతురి వైపు చాలాసేపు చూసింది. ఆ గుండ్రటి ముఖాన్ని ఇన్నాళ్లూ మురిసిపోతూ చూసుకున్న మనిషి, దాన్ని ఇప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది. తర్వాత పళ్లెంలోని పొట్లాన్ని గుప్పిట్లో నలిపి వాకిట్లోకి విసరబోయింది.

సల్కా ఆ మణికట్టు పట్టుకుంది. "పారెయ్యకు."

"ఏం, ఇంకా ఎందుకే ఇది?"

"ఒక్కసారిగా ఆపితే నా ప్రాణానికే ముప్పు. మెల్లగా తగ్గించాలట."

తెక్బెర్ గుప్పిట తెరిచి దాన్ని చూసింది. "అంటే? ఇన్నాళ్లూ తెలియక పోశాను. ఇప్పుడు తెలిసీ పోయాలా?"

"ఇది కాదు. డాక్టరమ్మ కొలిచి ఇస్తుంది. ఇప్పుడే వెళ్దాం పద. ఎంత కలిపావో ఆవిడకి నువ్వే చెప్పాలి, నాకు తెలియదు."

తెక్బెర్ వంటింట్లోకి వెళ్లింది. బయటికి వచ్చినప్పుడు ఆమె కొంగుకి ఏదో ముడి కట్టి ఉంది. ఆస్పత్రిలో డాక్టర్ కుంబా ఎదుట ఆ ముడి విప్పి, లోపలిది బల్ల మీద పెట్టింది. టీ చెంచా. "దీంతో," అంది తల వంచుకుని. "అంచుదాకా. ఒక్క రోజు కూడా తప్పలేదు."

డాక్టర్ ఆ చెంచాని చూసింది, తల్లిని చూసింది. తిట్టలేదు. కాగితం మీద మాత్రలు ఎలా తగ్గించాలో రాయడం మొదలుపెట్టింది.

* * *

అప్పటినుంచి ఆ ఇంట్లో పొద్దుటి తంతు మారింది. తెక్బెర్ అరచేయి చాచి, నడిమధ్యన మాత్ర పెట్టుకుని వచ్చేది. "చూసుకో. ఇదే. ఇంకేమీ లేదు," అనేది. కొన్నాళ్లకి ఆ మాత్ర సగమైంది, తర్వాత పావు అయింది. తగ్గించిన ప్రతిసారీ సల్కాకి కీళ్లు సలిపేవి, మంచం దిగబుద్ధయ్యేది కాదు. తెక్బెర్ కాళ్లు పట్టేది. తన పాపం తన చేతులతోనే కడుక్కుంటున్నట్టు పట్టేది.

పాల గిన్నె మాత్రం ఎవరికీ అవసరం లేకపోయింది. ఒకరోజు అమ్మమ్మ, "అది ఇటు తే," అంది. "ఎవరూ నొక్కకుండా తాగితే ఎలా ఉంటుందో నేనూ చూస్తాను." రెండు గుక్కలు తాగి, చాలనిపించి గిన్నె కింద పెట్టేసింది. ఇంకొంచెం తాగమని ఎవరూ అనలేదు.

కాలేయ వార్డులో చోటు ఇంకొకరికి వెళ్లిపోయింది. సల్కాని చీట్లు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. "ఖాళీ వచ్చినప్పుడు నేనొస్తాను, పేరు కొట్టెయ్యకండి," అని ఆ వార్డుకి వెళ్లే ప్రతివాళ్లకీ చెప్పింది. ముఖం తగ్గుతుంటే చుట్టుపక్కల ఆడవాళ్లు జాలి చూపించారు. పెళ్లి తప్పిందా అని అడిగారు. మైమూనా ఒకసారి కబురు పంపింది, పిల్ల మళ్లీ నిండేదాకా పెళ్లి వాయిదా వేద్దామని. ఆ కబురుకి జవాబు తెక్బెరే చెప్పింది. "పెళ్లి వాయిదా నిజమే. మా పిల్లకి టీకా పట్టేదాకా. నిండేదాకా కాదు."

పెళ్లికొడుకు సిదాతీ ఫోన్ చేశాడు. "నీకు నోరుందని మా అమ్మ ఫిర్యాదు చేసింది," అన్నాడు సల్కాతో. "ఇన్నాళ్లూ లేదనుకుందా?"

మాత్రలు పూర్తిగా ఆగి, గ్రంథి తనంతట తాను లేచిందని పరీక్షల్లో తేలాక, డాక్టర్ కుంబా మళ్లీ టీకా మొదలుపెట్టింది. "ఈసారీ పట్టకపోవచ్చు," అని ముందే హెచ్చరించింది. "అలా అయితే ఏ వార్డుకీ వెళ్లనని నాకు మాటివ్వాలి."

"పట్టకపోతే ఇంకో దారి వెతుకుతాను," అంది సల్కా. "మాట మాత్రం ఇవ్వను."

ఫలితం వచ్చిన రోజున తెక్బెర్ కూడా ఆస్పత్రికి వెళ్లింది. లోపలికి రానంది. వరండాలో గోడకి ఆనుకుని, దాహీని తీసుకొచ్చినప్పుడు కూర్చున్న బల్ల మీదే కూర్చుంది. తలుపు తెరుచుకోగానే లేచి నిలబడింది.

"పట్టిందమ్మా," అంది సల్కా.

తెక్బెర్ అక్కడే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తమ్ముడు పోయిన రోజున కూడా ఆమె అలా ఏడవలేదు. సల్కా పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది. క్షమించానని కూతురు అనలేదు, క్షమించమని తల్లి అడగలేదు. ఇంటికి వెళ్లేటప్పుడు ఒకరి చేయి ఒకరు వదల్లేదు.

పెళ్లి జరిగింది. పందిట్లో డప్పులు మోగుతున్నాయి. పెళ్లికూతురు నల్ల మెలహఫాలో తల నుంచి కాళ్లదాకా కప్పుకుని కూర్చుంది. మావాళ్లలో ఆ రోజు ఆమె ముఖం ఎవరూ చూడరు. గోరింట పండిన చేతులు మాత్రం బయటికి కనిపిస్తాయి. చూసేవాళ్లంతా ఆ చేతుల్నే చూస్తారు, వాటినే తూకం వేస్తారు.

మైమూనా కోడలి ముంజేతిని రెండు వేళ్లతో పట్టుకుని, నలుగురికీ వినబడేలా నిట్టూర్చింది. "చెయ్యి మరీ ఇంత సన్నమేమిటి వదినగారూ? అందులో ఏముందని?"

ఆడవాళ్లంతా తెక్బెర్ వైపు తిరిగారు. ఏడాది కిందటైతే ఆ ప్రశ్నకి ఆమె సిగ్గుతో చచ్చిపోయేది. ఇప్పుడు లేచి వచ్చి, కూతురి చేతిని వియ్యపురాలి వేళ్ల మధ్యనుంచి తీసుకుని తన రెండు చేతుల్లో పెట్టుకుంది.

"నా తమ్ముడికి లేనిది ఉంది," అంది.